చరిత్ర యెవరి చేతిలో?

ప్రోగ్రాముల్లో చేసిన మార్పులను పదిలపరచడానికి యేళ్ల తరబడి సబ్‌వెర్షన్ వాడినవాణ్ణి నేను. గిట్‌కు మారిన కొత్తలో పసివాడిలా తడబడ్డాను. కమిట్ చేసిన మార్పు సర్వరుకు చేరలేదేమని కంగారుపడ్డాను. తర్వాత తెలిసింది: సబ్‌వెర్షన్‌లో చరిత్ర అంతా కేంద్ర సర్వరు దగ్గరే వుంటుంది, గిట్‌లో ప్రతి పనివాడి దగ్గరా పూర్తి ప్రతి వుంటుంది. నా దగ్గర చేసిన కమిట్‌ను పుష్ చేస్తేనే అవతలికి చేరుతుంది.

యీ గిట్ వూరికే పుట్టలేదు. 2005లో బిట్‌కీపర్ యజమానులు వుచిత వాడకాన్ని ఆపివేస్తే, లినక్స్ పని ఆగకుండా లీనస్ టోర్వాల్డ్స్ దాన్ని నిర్మించాడు.

అయితే మనలో చాలామందిమి మళ్లీ గిట్‌హబ్ అనే వొకే గూటికి చేరాం. 2018లో దాన్ని మైక్రోసాఫ్ట్ కొన్నది. సాధనం మారినంత మాత్రాన యాజమాన్యం మారదు గదా! అందుకే నా పని పూర్తి ప్రతిని యింట్లో వేరే వుంచుకుంటున్నాను.