ఎద్దురంకె

క్లారినెట్టు నేర్చుకొనేవారి యింటి ప్రక్కన కాపురం దొరకడం పూర్వజన్మ సుకృతమని ఎవరూ అనరు. బెంగుళూరు బళేపేటలో మా ప్రక్కవాటా ముసలమ్మగారయితే, "పాటయితే వింటాము గదమ్మా, తెల్లవారకముందే ఈ ఎద్దురంకె ఏమిటి?" అని మా అమ్మతో మొరపెట్టుకొనేవారు. ఆవిడ మాటలో న్యాయమున్నది. మా అన్నదమ్ములిద్దరినీ మాస్టరుగారు ఆరునెలలపాటు పాట ముట్టనివ్వలేదు.

ఆయన పటాలం బ్యాండులో వాయించి పింఛను పుచ్చుకొన్నవారు. మొదట రీడును నోట్లో నానబెట్టాలి. ఆలోగా వాద్యం ముక్కలను చంకన పెట్టుకొని వెచ్చబరచాలి. బిగించిన తరువాత రంధ్రాలన్నీ మూసి, చప్పుడు రాకుండా వెచ్చని ఊపిరి పంపాలి. ఆ పైన అన్నిటికన్న అడుగు స్వరం. వినీ వినబడనంత సన్నగా ఎత్తి, పెంచి, మళ్ళీ సన్నగా దించి ఆపాలి. వణికితే మళ్ళీ మొదటికే. ముసలమ్మగారి ఎద్దురంకె ఇదే.

పిల్లనగ్రోవిలో ఊదుడు పెంచితే షడ్జం మీద షడ్జమే పలుకుతుంది. క్లారినెట్టు అట్లా కాదు. బొటనవ్రేలి మీట నొక్కితే మంద్రషడ్జం మధ్యస్థాయి పంచమానికి ఎగురుతుంది. కనుక అడుగున నేర్చిన వ్రేళ్ళలెక్క పైన పనికిరాదు. మధ్యలో ఒక గండి కూడా ఉన్నది. ఇవతలి స్వరానికి వ్రేళ్ళు దాదాపు అన్నీ లేచివుంటాయి. అవతలి స్వరానికి అన్నీ ఒక్కసారిగా రంధ్రాల మీద పడాలి. వెంట్రుకవాసి తప్పితే కీచుమంటుంది. ఈ గండిని ఇరవైమార్లు దాటించి, సరళీవరుసలు మూడు కాలాల్లో పలికించి, "తు తు" అని నాలుకకు పని చెప్పి, అప్పటికిగాని మాస్టరుగారు కాఫీ అడిగేవారు కారు.

అన్నాళ్ళూ ఆయన ఎబొనైటు వాద్యంతోనే నెట్టుకొచ్చాము. పెళ్ళిబ్యాండులో చేరగానే మా అమ్మ గాజులు కుదువబెట్టి, ఇద్దరికీ కలిపి ఒక కొయ్య క్లారినెట్టు కొనిపెట్టింది. ఆఫ్రికా నల్లకర్ర. దాన్ని తాకడానికే భయపడ్డాము.

ఆ మార్గశిరంలో ఒక పెళ్ళికి బస్సు ఆలస్యమై, మేము దిగేసరికి ముహూర్తం ముంచుకొచ్చింది. సాధకానికి వ్యవధి ఏదీ? గడగడ వణుకుతూ పెట్టె తెరచి, తిన్నగా పాటకు దిగాము. చల్లబడిన వాద్యం శ్రుతి దిగిపోయి పలుకుతుంది. తోటివారు గుడ్లురిమితే ఇంకా బలంగా ఊదాము. మూడవపాటలో టక్కుమని చిన్న చప్పుడైంది. పైముక్క మీద సన్నని గీత. లోపలి కర్ర వేడికీ తడికీ ఉబ్బింది, బయటి కర్ర చలికి బిగిసే ఉన్నది. ఇక చీలక ఏమవుతుంది?

మూడురోజులు అమ్మకు చెప్పలేదు. మాస్టరుగారు మాత్రం గీతమీద వ్రేలు పెట్టి, "చలికి మీకు దుప్పటి కావలసివచ్చె, దానికి అక్కరలేదా?" అన్నారు. అంతకంటె తిట్టి ఉంటే బాగుండేది. బళేపేటలో వాద్యాల అంగళ్ళకు కొదువలేదు గనుక, సన్నని లోహపు చీలలు దిగగొట్టించి, చీలిక పూడ్పించారు.

సంగతి తెలిసిన మర్నాడు అమ్మ తానే నాలుగింటికి లేపింది. పాపం, వెచ్చగా ఉంటుందని పెట్టెను పొయ్యి ప్రక్కన పెట్టింది. అదీ కర్రకు ప్రమాదమేనని మాస్టరుగారు పరుగెత్తుకొచ్చారు. గాజులు విడిపించడానికి మాకు నాలుగు పెళ్ళికాలాలు పట్టింది.

ఇప్పుడు మాలో పెద్దవాడికి కట్టుడుపళ్ళు. అడుగు స్వరం నిలవడానికే అరగంట పడుతున్నది. గోరుతో తడిమితే ఆ గీత ఇంకా తగులుతుంది. ముసలమ్మగారి మనుమరాలు మా క్రిందివాటాలోనే ఉంటున్నది. ఎద్దురంకె వినబడని రోజున ఫోను చేసి, "ఇద్దరికీ ఒంట్లో కులాసాయేనా, మామా?" అని కనుక్కుంటుంది.