గుర్రం మోయని బరువు

వేసవి మొదలైందంటే అంబర్‌పేట్‌లోని మా క్లినిక్‌కు కేదార్‌నాథ్ ప్రయాణమయ్యే వాళ్లు వస్తుంటారు. గోల్నాక నుంచి, బాగ్ అంబర్‌పేట్ నుంచి, చాలామంది యాభై దాటినవాళ్లే. బీపీ చూడమంటారు, నెలకు సరిపడా షుగర్ మాత్రలు రాయమంటారు. మోకాళ్ల సంగతి అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట: "గుర్రం మీద పోతం గద సార్, నడిచేదేముంది?"

నన్ను కలవరపెట్టేది ఆ మాటే.

నడక మొదలయ్యే గౌరీకుండ్ సుమారు 1,980 మీటర్ల ఎత్తులో ఉంటుంది, గుడి 3,583 మీటర్ల ఎత్తులో. 2013 జూన్ వరదలో దారిలోని రాంబాడా కొట్టుకుపోయాక మందాకిని నది అవతలి గట్టున కొత్త దారి వేశారు. 14 కిలోమీటర్ల నడక 16 అయింది. కాలినడకన వెళ్లేవాళ్లు ఆగి ఆగి ఎక్కుతారు. గుర్రమో కంచర గాడిదో అయితే కొన్ని గంటల్లోనే పైన దించేస్తుంది. మన హైదరాబాద్ 500 మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఊరు. గుడి దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానికి మూడింట రెండు వంతులు కూడా ఉండదు. దానికి అలవాటు పడడానికి ఒంటికి రోజులు పడుతుంది. గుర్రం కాళ్లకు శ్రమ తప్పిస్తుంది గానీ ఆ రోజుల్ని తెచ్చివ్వలేదు.

పరుగు పందేల్లో పాల్గొనే ఒక కుర్రాడు అమ్మానాన్నలతో గుర్రాల మీద వెళ్లాడు. ముగ్గురిలో జబ్బుపడింది అతనే. సాయంత్రం తలనొప్పి, రాత్రి వాంతులు. తెల్లారేసరికి తాగినవాడిలా తూలుతున్నాడు. చలికి అలా అయిందనుకున్నారు. నిజానికి అలా తూలడం మెదడు వాచిందనడానికి గుర్తు. అక్కడి వైద్య శిబిరంలోని డాక్టరు ఆక్సిజన్ పెట్టి వెంటనే కిందికి పంపించారు కాబట్టి బతికి నా ముందు కూర్చున్నాడు. వయసు, దమ్ము ఎత్తు దగ్గర పనికిరావని నేను ఎంత చెప్పినా నమ్మనివాళ్లకు అతని కథే చెబుతాను.

దిగేటప్పుడు కష్టం వేరు. ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి, దిగేటప్పుడు వెనక్కి వాలాలి, రికాబులో పాదం ముందు భాగమే ఉంచాలి. ఎముకలు గుల్లబారిన ఒక పెద్దావిడకు ఎదురుగా వచ్చిన కంచర గాడిదల గుంపు తగిలింది. కిందపడి తుంటి ఎముక విరిగింది. ఇల్లు చేరేదాకా ఆమె పడ్డ బాధ విన్నాక, కొండవైపే ఉండమని, రద్దీలో దిగి నిలబడమని అందరికీ చెబుతున్నాను.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర ముందురోజు నుంచే మొదలుపెట్టాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. ఇవి చెప్పడం తేలిక. కూర్చున్నా ఆయాసం వస్తే గుడి కనబడుతున్నా సరే వెనక్కి తిరగండి అని చెప్పడమే కష్టం. ఏళ్ల తరబడి మొక్కుకున్నవాళ్లతో ఆ మాట అంటుంటే నా గొంతు కూడా తగ్గిపోతుంది. అయినా అంటాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరాక మందుల కంటే ముందు కావలసింది కిందికి దిగడమే.

భార్యాభర్తలిద్దరు అలాగే, దర్శనం కాకుండానే తిరిగొచ్చారు. ఆవిడ నా దగ్గర చాలాసేపు ఏడ్చింది. ఈ ఏడు మళ్లీ బయల్దేరుతున్నారు. గౌరీకుండ్‌లో అదనంగా రెండు రాత్రులు ఉండేలా టికెట్లు తీసుకున్నారు, దిగేటప్పుడు గుర్రం వద్దని ఆవిడే నిర్ణయించుకుంది.