పానా పట్టిన చేయి

డాలస్ నగరానికి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్ళలో స్థిరపడిన తెలుగువారిలో కొందరికి ఈ మధ్య ఒక వ్యాపకం అబ్బింది. పాతికేళ్ళు దాటిన జపాను కారును కొని, ఇంటి గరాజులోనే దాని ఇంజిన్ దించి, అరిగిన భాగాలు మార్చి, టర్బో అమర్చి, తిరిగి తమ చేతులతోనే ఎక్కించి రోడ్డు మీద తిప్పుకోవడం ఆ వ్యాపకం. టర్బో అనగా, పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువుల తోపుడుతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాని ద్వారా ఇంజిన్‌లోకి మరింత గాలిని నెట్టే సాధనం. ఇలా పనికి దిగినవారిలో మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా ఉండి కూడా, నాలుగేళ్ళ చదువులో ఒక్కసారైనా పానా పట్టి ఇంజిన్ విప్పని వారున్నారు. సముద్రం దాటాక వారికి ఆ ముచ్చట తీరడం సంతోషించవలసిన విషయమే. బాధ కలిగించేది వేరొకటి. ఇంజిన్ ఎక్కించిన ఫొటో వాట్సాప్‌లో ఊరికి చేరగానే, మా అబ్బాయి స్వయంగా చేశాడని పదిమందికీ చూపించి మురిసే కుటుంబమే, అదే పనిని బాపట్ల ప్రాంతపు కర్లపాలెం సెంటర్‌లో ఏళ్ళ తరబడి చేస్తున్న మేస్త్రిని తమ ఇంటి అరుగు మీదైనా కూర్చోమనదు.

ఆ పని ఎటువంటిదో తెలిస్తే ఈ అన్యాయం ఎంతటిదో బోధపడుతుంది. 1989లో అమ్మకానికి వచ్చిన మాజ్దా మియాటా అనే రెండు సీట్ల కారు ఇటువంటి మార్పులకు అనువైనదిగా పేరు పొందింది. దాని ఇంజిన్‌ను, గేర్‌బాక్సును నేల మీదే ఒకటిగా కలిపి, గొలుసులతో క్రేన్‌కు వేలాడదీసి, గేర్‌బాక్సు తోక ముందుగా లోపలికి జారేటట్లు ఏటవాలుగా పట్టి దింపుతారు. చూసేవారి గుండెలు గాలిలో వేలాడే బరువును చూసి జారిపోతాయి గాని, అసలైన కష్టం అంతకుముందే, ఆ రెండింటినీ కలిపేటప్పుడే ఎదురవుతుంది. ఇంజిన్ వెనుక తిరిగే బరువైన చక్రాన్ని ఫ్లైవీల్ అంటారు. దానికీ, దానిపై బిగించిన ప్రెషర్ ప్లేటుకూ నడుమ క్లచ్ ప్లేటు నిలుస్తుంది. గేర్‌బాక్సు నుంచి ముందుకు పొడుచుకు వచ్చిన పళ్ళ షాఫ్టు ఆ క్లచ్ ప్లేటు నడిమి గాడులలోంచి దూరి, ఫ్లైవీల్ మధ్యనున్న చిన్న బేరింగులో కూర్చోవాలి. ప్లేటు వెంట్రుకవాసి పక్కకు జరిగినా షాఫ్టు దూరదు. ఆఖరి అంగుళం దగ్గర ఆగిపోయినప్పుడు, చుట్టూ ఉన్న బోల్టులు బిగించి లాగేద్దామన్న తొందర పుడుతుంది. ఆ తొందరకు లొంగితే గేర్‌బాక్సు అల్యూమినియం చెవి విరగవచ్చు, క్లచ్ ప్లేటు వంగవచ్చు. ఇంజిన్‌ను తిప్పే ఇరుసైన క్రాంకును పానాతో కొద్దికొద్దిగా తిప్పుతూ, గేర్‌బాక్సును రెండు చేతులా పట్టి మెల్లగా ఊపుతూ ఉంటే, పళ్ళు గాడిలో పడిన క్షణాన రెండు లోహపు ముఖాలూ బోల్టు సాయం లేకుండానే కలిసిపోతాయి. ఎంత చదివినా ఈ నేర్పు చేతికి అలవడితే తప్ప రాదు.

ఈ విద్యకు అమెరికాలో దొరికే ఆదరణను మెచ్చుకోక తప్పదు. కారు తయారీదారు తన వర్క్‌షాపులకు ఇచ్చే మరమ్మతు పుస్తకాన్ని మామూలు కొనుగోలుదారు కూడా సంపాదించుకోవచ్చు. విడిభాగాలు అమ్మే ఆటోజోన్ వంటి దుకాణాలు అరుదైన పనిముట్లను ధరావతు తీసుకుని అప్పిచ్చి, తిరిగి ఇచ్చినప్పుడు ఆ సొమ్మంతా వాపసు చేస్తాయి. బోల్టును ఎంత బలంతో బిగించారో కొలిచే టార్కు రెంచి ఆ గరాజులలో సాధారణ వస్తువు. ఇంజిన్ పై మూత అయిన హెడ్డు బోల్టులను మధ్య నుంచి అంచులకు, ఒక వరుస ప్రకారం, విడతలు విడతలుగా దానితో బిగిస్తారు. చట్టమూ అనుకూలంగానే ఉంది. టెక్సస్ రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు ఏటేటా జరిపే భద్రతా తనిఖీని ఎత్తివేసింది. డాలస్ పరిసరాలతో సహా కొన్ని కౌంటీలలో పొగ పరీక్ష మిగిలి ఉన్నా, 24 ఏళ్ళు దాటిన పెట్రోలు కార్లకు అది వర్తించదు. పాత కార్ల మీద అంత మక్కువకు ఇది కూడా ఒక కారణం.

అయితే ఆ గరాజులో మనిషి ఒంటరి. కాలనీ సంఘాల కట్టుబాట్లు చాలాచోట్ల ఇంటి ముందు బండి విప్పడాన్ని నిషేధిస్తాయి గనుక తలుపు మూసుకుని పని చేసుకోవాలి; ఇంజిన్ రెండో చివర పట్టుకోవడానికి ఒక మనిషి కావలసి వస్తే, ఏ శనివారం ఎవరికి వీలవుతుందో ముందుగా కనుక్కోవాలి. కర్లపాలెంలో అదే పనికి నలుగురు పిలవకుండానే వచ్చి చేయి వేస్తారు, మరో నలుగురు నిలబడి సలహాలిస్తారు, టీ కొట్టు నుంచి గ్లాసులు వస్తాయి. ఇంతవరకు పోల్చవచ్చు. ఆ తరువాత పోలిక నిలవదు; ఎందుకంటే ఫ్రిస్కోలో ఇంజిన్ సరదా, కర్లపాలెంలో అది కూడు.

బాపట్ల, కర్లపాలెం ఇసుక నేలలలో పెరిగిన తరానికి ఇంజిన్ అంటే మొదట గుర్తుకు వచ్చేది ఆయిల్ ఇంజినే. తక్కువ లోతులోనే నీరు దొరికే ఆ నేలలో జాలీ గొట్టం దించి వేసే బోరును ఫిల్టర్ పాయింటు అంటారు. దాని పక్కన డీజిలు ఇంజిన్ నిలబడి వేరుశనగ చేనికి నీరు తోడేది. చేను పూత మీద ఉండగా ఇంజిన్ బోరుకొచ్చిందంటే, అనగా సిలిండరు అరిగి పొగ చిమ్ముతూ బలం చాలక ఆగిపోయిందంటే, ఆ ఇంట అన్నం సహించేది కాదు. మేస్త్రి వచ్చి హెడ్డు విప్పి, సిలిండరు పై అంచున గోరు ఆన్చి, పిస్టన్ రింగులు తాకని చోట మిగిలిన గట్టు ఎంత ఎత్తుందో తడిమి, రింగులు మారిస్తే చాలునో, లేత్‌కు పంపి బోరింగ్ చేయించాలో చెప్పేవాడు. ట్రాక్టరు, జీపు వంటివాటి ఇంజిన్ దించవలసి వస్తే, ఆ తీరంలో విరివిగా పెరిగే సరుగుడు వాసాలను మూడింటిని తలల దగ్గర కట్టి ముక్కాలిగా నిలిపి, దానికి బరువులెత్తే చైన్ బ్లాకు తగిలించేవారు. గొలుసు ఒక్కొక్క లంకె జారుతూ ఉంటే మేస్త్రి బిగ్గరగా మాట్లాడేవాడు కాడు. ‘ఆపు’, ‘ఒక చుట్టు’, ‘చాలు బాబాయ్’ అన్న మాటలతోనే ఇంజిన్ తన చోటికి చేరేది. స్క్రూడ్రైవరు కొనను ఇంజిన్‌కు ఆన్చి, పిడిని చెవికి పెట్టుకుని, ఏ బేరింగు మోగుతోందో చెప్పే వారు ఆ ప్రాంతపు షెడ్లలో ఇప్పటికీ ఉన్నారు.

1993లో మెకానిక్ అల్లుడు అనే పేరుతో చిరంజీవి కథానాయకుడిగా సినిమా రాగలిగింది గాని, తెలుగు ఇళ్ళలో నిజమైన మెకానిక్‌ను అల్లుడిగా కోరుకునేవారు ఎందరు? కోయంబత్తూరు దగ్గర తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు బడి చదువు పూర్తి చేయనివాడు. హోటలులో సర్వరుగా పని చేసి కూడబెట్టిన డబ్బుతో ఒక ఆంగ్లేయుడి రడ్జ్ మోటారు సైకిలు కొని, దానిని విప్పి, మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నాడు. తరువాతి కాలంలో ఇంజినీరింగ్ కళాశాలనే నెలకొల్పి, నాలుగేళ్ళ చదువు అనవసరమనీ, రెండేళ్ళు చాలుననీ వాదించి, ఆ వాదన ప్రభుత్వం ఒప్పుకోకపోతే తప్పుకున్నాడు. ఆయనను ఇండియా ఎడిసన్ అని పొగిడే నోళ్ళు, షెడ్డులో అదే విధంగా చేతులతో నేర్చుకున్న మేస్త్రిని మాత్రం ఏకవచనంలో పిలుస్తాయి. టెక్సస్‌లో చేతులకు అంటిన గ్రీజు ప్రతిభకు గుర్తయితే, బాపట్ల రోడ్డు మీది గ్రీజు చదువు అబ్బనందుకు గుర్తు ఎలా అవుతుందో ఎవరైనా చెప్పాలి.

ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను తయారీదారు నమోదు చేసిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. కనుక ఫ్రిస్కోలో టర్బో తగిలించిన చేతులు కర్లపాలెంలో ఇష్టం వచ్చినట్లు అదే పని చేయలేవు. స్కూలు ఆటోలు, గడ్డి బళ్ళు, గేదెలు కలిసి నడిచే ఇరుకు రోడ్లకు ఆ కట్టడి తగినదే.

ఎక్కించిన ఇంజిన్‌కు ప్రాణం పోసే తీరు మాత్రం రెండు చోట్లా ఒకటే. గరాజులో పెట్రోలు అందకుండా ఆపి, స్టార్టరుతో కాసేపు తిప్పి, ఆయిల్ ఒత్తిడి సూచిక లేచాకనే అసలు స్టార్టు ఇస్తారు. పొడి బేరింగుల మీద ఇంజిన్ పరుగెత్తితే శ్రమంతా బూడిదవుతుంది. ఆయిల్ ఇంజిన్ మేస్త్రి డీకంప్రెషన్ లివరు, అనగా వాల్వును తెరిచి ఉంచి సిలిండరులోని ఒత్తిడిని వదిలేసే మీట, ఎత్తి పట్టి, నూనె అన్ని చోట్లకూ చేరేదాకా హ్యాండిలు చేత్తో తిప్పి, అప్పుడు మీట వదిలేవాడు. కొత్త రింగులు సిలిండరు గోడకు ఒదగాలంటే ఇంజిన్‌ను ఊరికే తిప్పకుండా మితమైన బరువు మీద నడపాలని అమెరికా నిపుణులు చెబుతారు. మేస్త్రి ఆ మాటే, మొదటి రోజునే పంపుకు తగిలించి నీళ్ళు పోయించండని రైతుకు చెప్పేవాడు. డాలస్ వర్క్‌షాపులలో 100 డాలర్లు దాటిన గంట కూలి కట్టి కొనుక్కునే విద్య ఇదే. కర్లపాలెం చుట్టుపక్కల షెడ్లలో దానిని నేర్చుకునే కుర్రవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. పానా పడితే పిల్లనివ్వరని చెప్పి, మేస్త్రులే తమ కొడుకులను మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేర్పిస్తున్నారు.