పాలకంకి

ఫించ్‌లు కొనబోతే షాపువాడు ఇచ్చే సలహా ఒకటే: కొర్రలు పోయండి, నీళ్ళు పెట్టండి, చాలు. (అవే కొర్రలు పక్క వీధి ఆర్గానిక్ షాపులో మనుషులకి ఇంకా ఎక్కువ రేటుకి అమ్ముతారు, అది వేరే కథ.) సలహాలో అబద్ధం లేదు. జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలల పిట్ట. కరువు దానికి అలవాటే. ఎండు గింజలు తిని ఏళ్ళ తరబడి బతుకుతుంది. చిక్కంతా అది గుడ్లు పెట్టాక మొదలవుతుంది.

దాని సొంత ఊళ్ళో వాన పడితే గడ్డి లేస్తుంది, గడ్డి కంకి వేస్తుంది, అప్పుడే ఇవి గూళ్ళు కడతాయి. మన ఊరపిచ్చుక పిల్లల నోట్లో పురుగులు పెడుతుంది కదా, ఇవి మాత్రం ఎక్కువగా గడ్డిగింజల మీదే పిల్లల్ని సాకుతాయి. అవీ ఎండినవి కావు, సగం పండినవి. గోటితో నొక్కితే తెల్లటి పాలు చిమ్మే గింజలు. పొట్టు మెత్తగా ఉంటుంది, లోపల నీరు, తీపి ఎక్కువ. ఆ దశ కొద్ది రోజులే ఉంటుంది. తర్వాత పిండి గట్టిపడుతుంది.

రిచర్డ్ జాన్ 1996లో రాసిన 'ద జీబ్రా ఫించ్' అనే పుస్తకాన్ని నేను నవల చదివినట్టు చదివాను. పరిశోధకులకు ఈ పిట్ట అంటే పాట. మగపిల్ల తండ్రి దగ్గర పాట ఎలా నేర్చుకుంటుందన్న దాని మీద లెక్కలేనన్ని పేపర్లున్నాయి. కోడి తర్వాత జీనోమ్ మొత్తం చదివిన రెండో పక్షి ఇదే, 2010లో. కానీ ఆ పేపర్లలో పిట్ట దాదాపు ఎప్పుడూ బోనులో, ఎండు గింజల గిన్నె ముందు ఉంటుంది. జాన్ దాన్ని బయట, గడ్డిలో చూశాడు. నాకు ఆ పుస్తకం అందుకే ఇష్టం. 2009 ఫిబ్రవరిలో విక్టోరియా రాష్ట్రంలో చెలరేగిన కార్చిచ్చుల్లో ఆయన, ఆయన భార్య, కూతురు చనిపోయారు.

పాలు పట్టిన గింజ గురించి నాకు పుస్తకం చెప్పాల్సిన పనేముంది నిజానికి. మాది పాలమూరు వైపు. సజ్జకి, జొన్నకి పాలు పడుతున్నాయంటే ఇంట్లో ఒకరు చేను దగ్గర మంచె ఎక్కాల్సిందే. అమ్మ పదేళ్ళప్పటి నుంచి వడిసెల తిప్పింది. పగలంతా అరిచి అరిచి సాయంత్రానికి గొంతు పోయేదట. ఆమె తోలిన పిట్టల్లో జీనువాయిలు చాలా. జీబ్రా ఫించ్‌కి దగ్గరి చుట్టాలవి, అదే కుటుంబం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని పంజరంలో పెట్టకూడదు. విదేశీ కాబట్టి వీటిని పెట్టొచ్చు. ఈ తేడా చట్టానికి అర్థమైనంత తేలిగ్గా అమ్మకి అర్థం కాలేదు.

"మేము తోలినం, నువ్వు పిలిచి పెడుతున్నవా బిడ్డా" అంది.

పోయిన ఆగస్టులో గూట్లో వారం రోజుల పిల్లలు మూడున్నాయి. ఆ వయసులో మెడ పక్కన తిత్తి చర్మం ఎంత పల్చగా ఉంటుందంటే, లోపలి గింజలు బయటికే కనిపిస్తాయి. పొద్దున్నే ఆ తిత్తి చూడటం నా మొదటి పని, ఆఫీసు స్టాండప్ కంటే ముందు. మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ ప్లాటులో గినీ గడ్డి నడుమెత్తు పెరిగి కంకులేసింది. రోజూ ఒక గుప్పెడు కోసేవాణ్ణి. ఒకరోజు కొడవలి పట్టుకుని వెళ్తే వాచ్‌మన్ ఆపాడు: "నిన్న మందు కొట్టిన్రు సార్, కొయ్యకుండ్రి."

దోమలొస్తున్నాయని ఎవరో అడిగారట, కలుపు మందు కొట్టించారట. చూడటానికి గడ్డి ఇంకా పచ్చగానే ఉంది, అదే భయం వేసింది. రోడ్డు పక్కన ఊదగడ్డి ఉంది కానీ దాని వేళ్ళు మురికి కాలవలో ఉన్నాయి. మార్కెట్లో దొరికేవి ఆకుకూరలే. కొత్తిమీర, మెంతికూర, మునగాకు బాగా కడిగి పెడతాను, పెద్దవి ఇష్టంగా పీక్కుతింటాయి. ఎండు గింజల్లో లేని విటమిన్ ఏ వాటిలో వస్తుంది. పాలకూర, తోటకూర మాత్రం ఎప్పుడో గానీ పెట్టను, వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. గుడ్డు పెట్టే ఆడపిట్టకి కాల్షియం తక్కువైతే గుడ్డు లోపలే ఇరుక్కుని చచ్చిపోవచ్చు. అందుకే కటిల్‌బోన్ ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. కానీ ఆకు ఎంత మంచిదైనా గింజ పని చెయ్యదు. రెండు రోజులు ఉడికించిన గుడ్డు, నానబెట్టి మొలకెత్తించిన కొర్రలతో నెట్టుకొచ్చాను. లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎండు చిరుధాన్యాల్లో తక్కువ, గుడ్డులో బాగా ఉంటుంది.

మూడో రోజు అమ్మ బస్సు దిగింది. సంచి నిండా సజ్జ పాలకంకులు, తడి గుడ్డ చుట్టి. ఒక కంకి నలిపి నాకు పెట్టింది, ఊచబియ్యం తిని ఎన్నేళ్ళయిందో. మిగతావి సీసాలో నిలబెట్టి పంజరంలో పెట్టాం. తండ్రిపిట్ట కాడ పట్టుకుని తలకిందులుగా వేలాడి గింజ గింజ ఒలిచింది. అమ్మ స్టూలు వేసుకుని చాలాసేపు చూసింది.

"ఇవి గూడ గట్లనే తినేటియి" అంది. ఏవి అని నేను అడగలేదు. సాయంత్రం మిగిలిన కాడలు తనే తీసేసింది, తడికి బూజు పడితే పిట్టలకి మంచిది కాదని నేను చెప్పకముందే. పిల్లలు మూడూ గూడు దాటాయి.

ఇప్పుడు గడ్డి కోసం ఎవరి ప్లాటు మీదా ఆధారపడటం లేదు. పంజరం అడుగు ట్రేలో మిగిలే కొర్రలనే కుండీల్లో చల్లుతున్నాను, పదిరోజులకొక కుండీ. కొర్ర ఎనభై, తొంభై రోజుల పంట, కాబట్టి వరస ఒకసారి మొదలైతే ఏదో ఒకదానికి పాలు పడుతూనే ఉంటాయి. ఎక్కువైతే పచ్చి కంకులు ఫ్రీజర్‌లో పెడతాను, మా ఆవిడ ఐస్‌క్రీమ్ డబ్బా పక్కనే. అవి బాగానే నిలవుంటాయి.

పోయిన వారం నుంచి బయటి జీనువాయిలు నాలుగు బాల్కనీకి అలవాటు పడ్డాయి. రెండు కుండీలకు దోమతెర కట్టాను. మిగతావాటికి కట్టలేదు.