815 మిల్లీమీటర్ల సీటు, ఐదడుగుల అమ్మాయి

ఈసారి గుడి గురించీ కాదు, మన పాత ఊళ్ల గురించీ కాదు. బండి గురించి. కొంచెం పొడుగు పోస్టే. ఇంట్లో పొట్టిగా ఉండే పిల్లలున్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మా చిన్న కూతురి ఎత్తు ఐదడుగులు, అంటే 152 సెంటీమీటర్లు. హోసూరు సిప్కాట్‌లో పని చేస్తుంది. నాలుగేళ్లు స్కూటర్ మీదే పోయి వచ్చింది. పోయిన ఏడు తన జీతంలో కూడబెట్టుకున్న డబ్బుతో ఒక యమహా ఆర్15 కొన్నది, సెకండ్ హ్యాండ్‌ది. ఇంటి ముందుకు తెచ్చి నిలబెట్టగానే నేను అన్న మొదటి మాట, "నీకు కాళ్లు అందవమ్మా." దానికి ఆమె, "ఈ ఎత్తు నువ్వు ఇచ్చిందే కదా నాయనా" అనింది. నిజమే, నేనూ ఐదడుగుల రెండంగుళాలే. వాళ్లమ్మ నవ్వింది. నాకు మాట రాలేదు.

కొలిచి చూసినాను. స్కూటర్లలో యాక్టివా సీటు ఎత్తు 692 మిల్లీమీటర్లు. ఆర్15ది 815. అంటే దాదాపు ఐదు అంగుళాలు ఎక్కువ. మన హోసూరులోనే తయారయ్యే అపాచీ ఆర్ఆర్ 310 కూడా 810. స్పోర్ట్స్ బండ్లు ఇట్లా ఎత్తుగా ఉండడానికి కారణం ఉంది. మలుపులో బండి బాగా పక్కకు వాలుతుంది. అప్పుడు ఫుట్‌రెస్టు, సైలెన్సరు నేలకు తగలకూడదు. అందుకని అన్నీ పైకి పెడతారు.

మా అమ్మాయి కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లు మాత్రమే నేలకు ఆనేవి. "ఒక కాలు పెట్టి ఆపడం నేర్చుకుంటాను, టైమియ్యి నాయనా" అనింది. నేను వినలేదు. "బండి దించు, లేదంటే అమ్మేయి" అన్నాను. పట్టుబట్టి నేనే ఒక గ్యారేజీకి తీసుకుపోయినాను. డబ్బు కూడా నేనే ఇచ్చినాను. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి మొదటి తప్పు నాదే.

అక్కడి మెకానిక్ తంబి డాగ్‌బోన్ లింకులు మార్చినాడు. వెనుక చక్రం బరువును షాకబ్జర్‌కు అందించే చోట ఉండే రెండు చిన్న ఇనుప పట్టీలు ఇవి. కొంచెం పొడుగువి వేస్తే బండి వెనుక భాగం కిందికి దిగుతుంది. పట్టీలో తేడా కొన్ని మిల్లీమీటర్లే, సీటు దగ్గరికి వచ్చేసరికి అది అంగుళం దాటుతుంది. గంటన్నరలో పని అయిపోయింది. అమ్మాయి కాళ్లు ముందుకన్నా బాగా ఆనినాయి. నాకు నిమ్మళమైంది.

మూడో రోజు సాయంత్రం. బండి వాకిట్లో సైడ్ స్టాండ్ మీద ఉంది. పక్కింటి పిల్లవాడు, ఆరేళ్లవాడు, బంతి ఆడుకుంటున్నాడు. బంతి బండి కిందికి పోయింది. వాడు వంగి తీసుకున్నాడు, లేచి రెండడుగులు వేసినాడు. అంతే, బండి కుడిపక్కకు పడిపోయింది. 142 కేజీల బండి. బ్రేక్ లివర్ విరిగింది, పక్క ఫెయిరింగ్ పగిలింది. పిల్లవాడికి ఏమీ కాలేదు. నేను అరుగు మీద కూర్చొని అంతా చూస్తున్నాను. లేచేంత టైము కూడా లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బండి ఎందుకు పడింది? బండి దిగింది, స్టాండు పొడుగు మాత్రం తగ్గలేదు. స్టాండు వేస్తే బండి ఎడమపక్కకు వాలి నిలబడాలి. ఇది దాదాపు నిటారుగా నిలబడింది. చెయ్యి తగిలినా చాలు, గాలి కొట్టినా చాలు, అటుపక్కకు పడిపోతుంది. లింకు మారిస్తే స్టాండును కూడా ఆ లెక్క ప్రకారం కోసి వెల్డింగ్ చేయించాలి. ఆ తంబి చెప్పలేదు. నేను అడగలేదు.

రైల్వేలో బుకింగ్ క్లర్కుగా పనిచేసినవాడికి ఒక అలవాటు ఉంటుంది. లెక్క తేడా వస్తే అది దొరికేదాకా లేవడు. తెలిసినవాళ్లను అడిగి, నలుగురు మెకానిక్‌లతో మాట్లాడి, నోట్‌బుక్కులో తమిళంలో రాసి పెట్టుకున్నాను. దాన్నే ఇక్కడ మన భాషలో చెబుతున్నాను.

వెనుక ఒక్కటే దిగితే ముందు ఫోర్కు మరీ వెనక్కి వాలినట్టు అవుతుంది. హ్యాండిల్ బరువుగా తిరుగుతుంది, మలుపులో బండి మాట వినదు. దాన్ని సరిచేయాలంటే ముందు ఫోర్కులను క్లాంపులో కొంచెం పైకి జరిపి ముందు భాగాన్నీ దించాలి. అట్లా దించినాక, గుంతలో ఫోర్కు పూర్తిగా అణిగినప్పుడు ముందు చక్రం, మడ్‌గార్డు దేనికీ తగలవని చూసుకోవాలి. చైన్ బిగువు మళ్లీ చూడాలి. వెనుక దిగింది కాబట్టి హెడ్‌లైట్ పైకి కొడుతుంది, రాత్రి ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. దాన్నీ కిందికి తిప్పాలి. ఇంజన్ కింద ఖాళీ తగ్గుతుంది. మన వీధుల్లో స్పీడ్ బ్రేకర్లు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. ఇవన్నీ చేయకుండా ఒక్క లింకు మాత్రం మార్చేది సగం పని.

ఇంకొకటి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. ఏ మార్పైనా చేసే ముందు ఇన్సూరెన్స్ వాళ్లను కూడా అడిగి పెట్టుకోండి. తర్వాత అడిగితే వాళ్లే మనల్ని అడుగుతారు.

చివరికి పాత లింకులే మళ్లీ వేయించినాము. తర్వాత చేసింది ఇది.

మొదట సీటు. అసలు సీటును ముట్టుకోకుండా ఇంకో పాత సీటు కొని కుషన్ షాపులో ఇచ్చినాము. ఫోమ్ రెండు సెంటీమీటర్లు కోయించినాము. అంతకన్నా ముఖ్యం, సీటు ముందు భాగంలో రెండు పక్కలా చెక్కించి సన్నం చేయించినాము. సీటు వెడల్పుగా ఉంటే తొడలు పక్కలకు విచ్చుకొని కాలి పొడుగు వృథా అవుతుంది. సన్నగా ఉంటే కాలు నేరుగా కిందికి దిగుతుంది. ఫోమ్ ఇంకా ఎక్కువ కోస్తే అడుగు ప్లాస్టిక్ గుచ్చుకుంటుంది, అరగంటకు మించి కూర్చోలేరు. అందుకే రెండుతో ఆపినాము.

తర్వాత బూట్లు. మందం అట్ట ఉండి చీలమండను కప్పేవి. అక్కడ ఇంకో రెండు సెంటీమీటర్లు దొరికింది.

మిగిలింది సాధన. దీనికి డబ్బు ఖర్చు లేదు. ఆరు ఆదివారాలు పొద్దున్నే ఖాళీ మైదానానికి పోయినాము. బండి ఆపే ముందు నడుమును సీటు మీద కొంచెం ఎడమకు జరపాలి. ఎడమ కాలు పూర్తిగా నేలమీద పెట్టాలి, కుడి కాలు వెనుక బ్రేకు మీదే ఉంచాలి. హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు, బండి పడేది అప్పుడే. రోడ్డు పక్కకు వాలి ఉంటే ఎత్తుగా ఉన్న వైపు కాలు పెట్టాలి. బండి పార్కు చేసే ముందే, మళ్లీ ఎట్లా బయటికి తీయాలో ఆలోచించుకోవాలి. పల్లానికి మూతి పెట్టి ఆపితే వెనక్కి తోసుకోవడం కష్టం.

డానీ పెడ్రోసా అని ఒక స్పెయిన్ రేసర్ ఉన్నాడని అమ్మాయి చెప్పింది. ఎత్తు దాదాపు 160 సెంటీమీటర్లే. పెద్ద క్లాసు మోటో జీపీలో 31 రేసులు గెలిచినాడంట. "ఆయనకు కూడా రెండు పాదాలు ఆనవు నాయనా" అనింది. నేను ఊరుకున్నాను.

నా ఉద్యోగం కొత్తలో జరిగింది ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. మొదటి స్టేషన్‌లో బుకింగ్ కిటికీ నాకు ఎత్తుగా ఉండేది. కుర్చీలో కూర్చుంటే కాళ్లు గాలిలో వేలాడేవి. మా పెద్ద క్లర్కు ఒక చెక్క పలక తెచ్చి నా కాళ్ల కింద వేసినాడు. "వారం రోజులు, అలవాటైపోతుంది" అన్నాడు. పొట్టివాడివి, ఈ పని నీకు వద్దు అని ఆయన అనలేదు. నేను మాత్రం నా బిడ్డకు ఆ మాటే చెప్పినాను. బండి దించమన్నది ఆమె కోసం కాదు, నా భయం తగ్గడానికి. ఆ భయమే పక్కింటి పిల్లవాడి మీద పడబోయింది.

కాబట్టి సభ్యులకు నా విన్నపం. మీ పిల్లలు ఎత్తు బండి కొంటే వద్దనకండి, తొందరపడి గ్యారేజీకీ పరిగెత్తకండి. సీటు, బూట్లు, సాధన, ఈ వరసలో పోండి. అప్పటికీ చాలకపోతేనే లింకు. అదీ కొంచెమే, నేను చెప్పిన మిగతా పనులన్నీ కలిపి చేసే మెకానిక్ దగ్గరే.

పోయిన వారం నన్ను రైల్వే స్టేషన్ దగ్గర దింపుతానని పిలిచింది. ఆ బండి వెనుక సీటు ముందు సీటుకన్నా ఎత్తు. రెండుసార్లు కాలు ఎత్తి చూసినాను, కాలేదు. చివరికి బండిని అరుగు పక్కకు తెచ్చి నిలబెట్టింది. అరుగు మీదనుంచి ఎక్కినాను.