జెద్దాలో వాన, ఒగరు కాఫీ

సౌదీలో మాలాంటి యాత్రికులకి వైన్ దొరకదు. అక్కడ 1952 నుంచి మద్యం నిషేధం. ఈ సంగతి మా అమ్మాయికి తెలుసు. అయినా హోటల్ కిటికీలోంచి వాన చూస్తూ, "అమ్మా, ఇంకో ఊరైతే ఈపాటికి వైన్ టేస్టింగ్‌కి వెళ్ళేవాళ్ళం" అంది. తను అమెరికాలో పుట్టి పెరిగింది. ప్రయాణంలో వాన పడితే ద్రాక్షతోట పక్కన కూర్చుని నాలుగు రకాలు చప్పరించి రావడం వాళ్ళకి అలవాటు. నేనూ వెళ్తాను. తాగను, వాళ్ళు వాడే మాటలు వింటాను. "టానిన్" అన్న మాట అక్కడే విన్నాను.

జెద్దాలో వాన ఏడాదికి కొద్ది రోజులే. పడితే మాత్రం భయమే. 2009 నవంబరు 25న వచ్చిన వరదలో వందమందికి పైగా చనిపోయారు. 2022 నవంబరు 24న కొన్ని గంటల్లోనే 179 మిల్లీమీటర్లు కురిసింది. మేమున్న రోజు వాన అంత పెద్దది కాదు కానీ, సముద్రం ఒడ్డున తిరగాలన్న ప్లాన్ పోయింది. మధ్యాహ్నం కాస్త తెరిపి ఇచ్చింది. (తెరిపి అంటే వాన మధ్యలో దొరికే విరామం. ఈ మాట నాకు చాలా ఇష్టం, రాసిపెట్టుకోండి.) టాక్సీ ఎక్కి బలద్‌కి వెళ్ళాం.

బలద్ అంటే పాత జెద్దా. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఎర్రసముద్రం నుంచి తీసిన పగడపు రాళ్ళతో కట్టిన ఇళ్ళు. వాటికి గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన చెక్క కిటికీలు. ఆ కిటికీని రోషన్ అంటారు. చాలావాటికి టేకు మన దేశం వైపు నుంచే ఓడల్లో వచ్చిందట. నసీఫ్ ఇంటి ముందు ఒక చెట్టుంది. ఒకప్పుడు ఊరంతటికీ అదొక్కటే చెట్టని చెప్పుకుంటారు. దగ్గరికి వెళ్ళి చూస్తే వేపచెట్టు! ఇంకాసేపు దాని కింద నిలబడదామనుకున్నాను, వాన మళ్ళీ అందుకుంది.

"జారుతుంది, చూసి నడువు" అని మా అమ్మాయితో అంటూ సూక్ అల్ అలవీ వైపు పరుగెత్తాను. పక్క కొట్టులోంచి ఒక గొంతు వినిపించింది. "తెలుగోళ్ళా అమ్మా? లోపలికి రండ్రి, తడుస్తరు."

అది ఖర్జూరాల కొట్టు. యజమాని సౌదీ పెద్దాయన. పిలిచినాయన పెట్టెలు మోసి సర్దే పనిలో ఉన్నాడు. ఊరు జగిత్యాల దగ్గర. వచ్చి తొమ్మిదేళ్ళయిందట. పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి, ఎడమచేత్తో దల్లా పట్టుకుని కుడిచేత్తో ఫింజాన్లు అందించాడు. దల్లా అంటే ముక్కు కూజా, ఫింజాన్ అంటే పిడి లేని చిన్న కప్పు. అడుగున కొంచెమే పోస్తారు. తాగిన కొద్దీ మళ్ళీ పోస్తారు. చాలు అనాలంటే కప్పుని అటూ ఇటూ ఊపాలి.

ఆ కాఫీ నల్లగా ఉండదు. గింజల్ని లేతగా వేయించి ఏలకులు వేసి కాస్తారు, గంజినీళ్ళ రంగులో ఉంటుంది. పాలు లేవు, పంచదార లేదు. ఒకప్పుడు యెమెన్ కాఫీ ఈ రేవు మీదుగానే ఈజిప్టుకి వెళ్ళేది. బాబా బుడన్ ఏడు గింజలు దాచుకుని చిక్కమగళూరు కొండలకి తెచ్చాడనే కథ కూడా ఆ యెమెన్ కాఫీదే. మన ఫిల్టర్ కాఫీకి ముత్తవ్వ అన్నమాట.

మా అమ్మాయి ఒక గుక్క తాగి, "టానిన్" అంది. నేను తెలుగులో చెప్పబోయేలోపు ఆయనే అడిగాడు.

"ఒగరున్నదా అమ్మా? ఖర్జూర కొరికి తాగుండ్రి, మంచిగుంటది."

మా గుళ్ళో ప్రతి ఉగాదికీ పచ్చడి కప్పులు అందించేది నేనే. ఆరు రుచుల పేర్లు అట్ట మీద రాసి గోడకి అంటించేదీ నేనే. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు: వీటికి పిల్లలకి ఇంగ్లీషు మాట చెప్పడం తేలికే. వగరు దగ్గర "ఆస్ట్రింజెంట్" అంటాను, వాళ్ళకి అదీ తెలీదు. నేను అట్ట మీద రాసే ఆ మాటని ఈయన మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మామూలుగా అనేశాడు.

ఖర్జూరాలు వచ్చాయి. మదీనా అజ్వా నల్లగా, మెత్తగా ఉంది, తీపి తక్కువ. ఖసీం సుక్కరి బెల్లంపాకమే. సగాయి సగం గట్టి, సగం మెత్తన. నాకు సగాయి నచ్చింది. సుక్కరి కొరికి కాఫీ తాగితే నిజంగానే వగరు పోయింది.

నా తెలుగు పుస్తకంలా ఉందన్నాడు ఆయన. చిన్నప్పుడు కాన్వెంట్‌లో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసేవారనీ, అరవై దాటాక ఒత్తులు నేర్చుకుంటున్నాననీ చెప్పాను. ఆయన కాసేపు పెట్టెలు సర్దాడు.

"మా బిడ్డది గూడ ఇంగ్లీష్ మీడియమే. నా జీతంల సగం దాని ఫీజుకే. మంచిదేనా అమ్మా?"

వద్దని ఏ ముఖంతో చెప్పను? నా ఉద్యోగం, నా ఇల్లు అన్నీ ఆ చదువు పెట్టినవే. మా అమ్మ రాసిన ఉత్తరాలు నాకు నేనుగా చదువుకోలేకపోవడమూ ఆ చదువు వల్లే. "ఫీజు కట్టు బాబూ. ఫోన్‌లో మాత్రం నువ్వు తెలుగే మాట్లాడు" అన్నాను.

"నాకు అచ్చేదే గదొక్కటి గదమ్మా" అని నవ్వి, అప్పటికప్పుడు వీడియో కాల్ చేశాడు.

తొమ్మిది పదేళ్ళ పిల్ల. "హలో ఆంటీ, హౌ ఆర్ యూ?" అంది. బాగున్నానమ్మా అన్నాను. వాళ్ళ నాన్న ఫింజాన్ చూపించాడు.

"టేస్ట్ ఎట్లుంటది డాడీ?"

"ఒగరుంటది బిడ్డా."

"ఒగరంటే?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "మొన్న ఫోన్ల మాట్లాడుకుంట పచ్చి జామకాయ తిని మూతి ఎట్ల పెట్టినవ్? గది."

ఆ పిల్ల మళ్ళీ అలాగే మూతి పెట్టింది. నా పక్కన మా అమ్మాయీ పెట్టింది.

బయట వాన తగ్గలేదు. పెద్దాయన మళ్ళీ దల్లా ఎత్తాడు. మా అమ్మాయి ఫింజాన్ ఊపింది. నేను ఊపలేదు.