గంటా పది నిమిషాల దూరం

రాజమండ్రి నుంచి హైదరాబాదుకి విమానంలో ఎంత దూరం అని వెతికితే 360 కిలోమీటర్లు, సుమారు గంటా పది నిమిషాలు అని వస్తుంది. దూరం లెక్క తప్పేం కాదు. మధురపూడి, శంషాబాదుల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమి వంపు మీద ఆ రెండింటికీ మధ్య అతి దగ్గర దారి కడతారు. మనలో చాలామంది కాలేజీలో రాసిన ప్రోగ్రామే.

కాకపోతే మా ఊరు రాయవరం. విమానం మా అరుగు ముందు దిగదు కదా :) నా లెక్క ఇదీ: కూకట్‌పల్లి ఇంటి నుంచి శంషాబాదు గంటన్నర. ముందుగా చేరి కూర్చోవడం రెండు గంటలు. విమానం గంటా పది. సామాను కోసం ఇరవై నిమిషాలు. అక్కణ్ణుంచి ద్వారపూడి, మండపేట మీదుగా ఇంటికి గంటంబావు. వెరసి ఆరుంబావు గంటలు.

ఆమ్డాల్ 1967లోనే చెప్పాడు. ప్రోగ్రాములో ఒక్క ముక్కని ఎంత పరిగెత్తించినా, మిగతా ముక్కలకి పట్టే సమయం అలాగే ఉంటుంది. విమానానికి సున్నా నిమిషాలు పట్టినా నాకు అయిదు గంటల పైమాటే. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకి మారినప్పుడు రాజమండ్రికి గాల్లో దూరం పెరిగింది రెండు మూడు కిలోమీటర్లే. పెరిగిందంతా కూకట్‌పల్లి వాళ్ళ రోడ్డే!

ఇంకో సంగతి. ఈ ఆరుంబావు కూడా విమానం ఉన్న వేళ లెక్క. పోయినేడాది ఓ రాత్రి పదింటికి అమ్మ ఫోన్ చేసింది, నాన్న బాత్రూములో పడ్డారని. ఆ వేళకి విమానమూ లేదు, గౌతమీ వెళ్ళిపోయింది. కారు తీసి ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా వెళ్తే తెల్లారింది. మన సర్వర్లకి సగటు ఎంత బావున్నా, అసలు పరీక్ష ఎప్పుడూ ఆ చివరి ఒక్క శాతం దగ్గరే కదా.

నేను వెళ్ళేసరికి నాన్న కాలికి కట్టుతో మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. పక్కింటి బాబాయ్ పదినిమిషాల్లో ఆటో తెచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. రాత్రంతా అక్కడే ఉన్నాడట.

రాజమండ్రి నుంచి 2024 డిసెంబరులో ముంబై, ఢిల్లీలకి కూడా నేరుగా విమానాలు మొదలయ్యాయి. మంచిదే, పండక్కి వెళ్ళడానికి బావుంటుంది. కానీ అమ్మానాన్నల్ని ఊళ్ళో ఉంచి "గంటలో వాలిపోతా" అనుకునే వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. విమానాల వేళలతో పాటు పక్కింటివాళ్ళ నంబరు, ఊళ్ళో ఆటో అతని నంబరు, నాన్నగారు వాడే మందుల చీటీ ఫోటో కూడా ఫోనులో పెట్టుకోండి. ఈసారి వెళ్ళినప్పుడు బాబాయ్ ఇంట్లో ఓ పూట భోంచేసి రండి. ఆ గంటా పది నిమిషాలు మనకి పనికొస్తాయి. వాళ్ళకి పనికొచ్చేవి ఆ మొదటి పది నిమిషాలే.